శుక్లాలు ముదిరేదాకా ఆగవద్దు



మైదుకూరు ప్రాంతంలో సేద్యం చేసేవారికి కంటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. కె.సి. కాలువ క్రింద వరిమడిలో ఆకు కాస్త రంగు మారితే గట్టు మీద నిలబడే కనిపెడతారు మీరు. దీర్ఘకాలపు పసుపు రకాలలో ఒకదానికి మైదుకూరు అనే పేరే ఉన్నది. ఆ పేరు నిలవడానికి వెనుక, కుళ్ళూ పురుగూ లేని దుంపను ఏరి విత్తనానికి దాచిన ఎందరి కండ్లో పనిచేశాయి. నాగలి అరిగితే సాన పెట్టించుకొంటాము. ఎద్దు కుంటితే పశువుల డాక్టరు దగ్గరికి తోలుకొనిపోతాము. మన కన్ను మసకబారితే మాత్రం, "వయసు మీద పడింది, ఇంతేలే" అని ఊరుకొంటాము. ఇది సరికాదు. ఎందుకు సరికాదో ఈ పూట చెప్పుకొందాము.

ముందుగా ఒక పెద్దాయన సంగతి వినండి. పేరూ ఊరూ చెప్పను, చెప్పనక్కరా లేదు. అటువంటివాడు ప్రతి పల్లెలోనూ ఒకడుంటాడు. అరవై దాటినవాడు. నాలుగెకరాల మాగాణి, అందులో ఎకరం పసుపు. చూపు చెడబోయే ముందు ఆయనకు సంతోషమే కలిగింది. ఎన్నో ఏండ్లుగా చత్వారపు అద్దాలు లేనిదే అక్షరం కనబడనివాడు, ఒకనాడు అద్దాలు లేకుండానే పట్టాదారు పుస్తకం చదివాడు. "నా చూపు మళ్ళా పడుచుదయిందిరా అబ్బీ" అని కొడుకుతో గొప్పలు చెప్పుకొన్నాడు. నిజానికి అది శుభసూచకం కాదు. కంటిలోని కటకం గట్టిపడుతూ ఉంటే దాని శక్తి మారి, దగ్గరి వస్తువులు కొన్నాళ్ళు బాగా కనబడతాయి. దూరపు చూపు మాత్రం తగ్గిపోతుంది.

తరువాత ఉతికిన తెల్లపంచె మాసినట్టు కనబడసాగింది. కోడలు సరిగా ఉతకలేదని కోప్పడ్డాడు. రాత్రి ప్రొద్దుటూరు రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే, దాని దీపాలు పగిలి నాలుగు దిక్కులా చిమ్మినట్టు అనిపించి ప్రక్కకు తప్పుకోలేకపోయాడు. అంగట్లో నోటును తడిమి చూచి ఇవ్వడం మొదలుపెట్టాడు. మెరుగు పెట్టిన కొమ్ముకూ, పెట్టని కొమ్ముకూ తేడా తెలియక, తన సరుకును తానే ఎంచలేకపోయాడు.

కొడుకు, "నాయనా, ఆస్పత్రికి పోదాం" అన్నాడు. "పసుపు తవ్వకం కానీ" అన్నాడు పెద్దాయన. తవ్వకం అయింది, "ఉడకబెట్టి ఎండబెట్టనీ" అన్నాడు. ఎండబెట్టారు, "ఈ ఎండల్లో వద్దు, వానలు పడనీ" అన్నాడు. వానలు పడ్డాయి, "నాట్లు కానీ" అన్నాడు. పైగా ఇరుగుపొరుగువారు, "ఇంకా ముదరలేదు మామా, ముదిరినాక కోయించుకో" అని సలహా చెప్పారు. ఒక రాత్రి కుడికన్ను ఎర్రబడింది. కంటిలోనూ తలలోనూ భరించరాని పోటు, వాంతులు. పైత్యమని రెండు రోజులు ఇంటిమందు వాడారు. మూడవనాడు ఆస్పత్రికి పోతే, ఆ కంటి నరము అప్పటికే దెబ్బతిన్నది. నొప్పి తగ్గించగలిగారు గాని చూపు తిరిగి రాలేదు. ఎడమ కంటికి ఆపరేషను చేశారు. ఆ కంటితో ఆయన ఈ రోజు కొమ్ములు ఎంచుతున్నాడు. రెండు కండ్లూ నిలువవలసినవాడు ఒక కంటితో మిగిలాడు. ఈ నష్టం దేవుడు చేసినది కాదు, ఆలస్యం చేసినది.

ఇంతకూ శుక్లం అంటే ఏమిటి? కంటి నడుమ నల్లని పాప ఉన్నది గదా. ఆ పాప వెనుక చిన్న అద్దంవంటి కటకం ఉంటుంది. బయటి వెలుతురును అది కూడగట్టి కంటి వెనుకనున్న తెర మీద పడవేస్తుంది. పుట్టినప్పుడు ఇది నిర్మలంగా ఉంటుంది. కోడిగ్రుడ్డులోని సొన పచ్చిగా ఉన్నప్పుడు దానిగుండా చూడవచ్చు, ఉడికితే తెల్లబడి చూపు సాగదు. కటకంలోని మాంసకృత్తులు కూడా వయసుతోపాటు అట్లే మారి, మసకబారుతాయి. ఇదే శుక్లం. ఇది కంటిమీద పెరిగే పొర కాదు, గీకితే పోదు. కంటి లోపలిది గనుక చుక్కల మందుతోగాని, ఆకుపసరుతోగాని, అంజనంతోగాని కరగదు. శుక్లాన్ని కరిగిస్తామని ఎవరు మందు అమ్మినా నమ్మవద్దు.

పల్లెల్లో తెల్లగా కనబడిన ప్రతిదాన్నీ "పువ్వు" అంటారు. ఇక్కడ ఒక భేదం తెలిసికోవాలి. నల్లగ్రుడ్డు మీద అద్దంలా ఉండే పై పొరకు దెబ్బ తగిలి, పుండుపడి, మానిన తరువాత మిగిలే తెల్లమచ్చ పువ్వు. శుక్లం పాప లోపల ఉంటుంది. రెంటికీ వైద్యం వేరు. ఏది ఏదో కంటి డాక్టరు దీపం వేసి చూచి చెప్పాలి.

శుక్లం ఎందుకు వస్తుంది? మొదటి కారణం వయసు. తల నెరిసినట్టే కటకమూ మారుతుంది. కాని కొందరికి త్వరగా వస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవారికి, బీడీ చుట్ట త్రాగేవారికి, ఏండ్ల తరబడి మండుటెండలో పనిచేసేవారికి, కంటికి గట్టి దెబ్బ తగిలినవారికి ఇది తొందరగా రావచ్చు. కట్టెపొయ్యి పొగలో బ్రతుకంతా గడిపిన ఆడవారికి కూడా ఈ ప్రమాదం ఎక్కువని పరిశీలనల్లో తేలింది. డాక్టరు చెప్పకుండా స్టిరాయిడు మందులను మింగినా, కంట్లో వేసుకొన్నా శుక్లం వస్తుంది. మన సీమ ఎండను మనం మార్చలేము. వెడల్పు అంచు టోపీయో, తలపాగాను నొసటి మీదికి దించి కట్టుకోవడమో, చల్లద్దాలో వాడుకోవచ్చు. బీడీ మానవచ్చు. చక్కెరను అదుపులో పెట్టుకోవచ్చు. ఇవి శుక్లాన్ని పూర్తిగా ఆపకపోయినా కొంత వెనుకకు నెట్టగలవు.

ఇక ఈ "ముదరనీ" అనే మాట. ఇది మూఢనమ్మకం అని కొట్టిపారవేయను. ఒక కాలంలో డాక్టర్లే అట్లా చెప్పేవారు. దానికి కారణం తెలిసికొంటే, ఇప్పుడు ఆ మాట ఎందుకు చెల్లదో మీకే అర్థమవుతుంది.

శుక్లానికి సూదితో చేసే చికిత్స సుశ్రుత సంహితలోనే ఉన్నది. మసకబారిన కటకాన్ని సూదితో ప్రక్కకు త్రోసి వెలుతురుకు దారి ఇచ్చేవారు. కటకం కంటిలోనే ఉండిపోయేది, తరువాత చీము పట్టి కన్నుపోయినవారు ఎందరో. 1747లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాక్ డావియెల్ కటకాన్ని కంటినుండి వెలుపలికి తీసే పద్ధతిని ఆచరణలోకి తెచ్చాడు. ఆ పద్ధతే క్రమంగా బాగుపడుతూ మన తండ్రుల కాలందాకా వచ్చింది. కన్నడ దేశానికి చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఊరూరా కంటి శిబిరాలు పెట్టి లక్షలమందికి ఆపరేషన్లు చేశారు. ఒకే రోజున 833 చేసినట్టు గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 1956లో పద్మశ్రీ, 1968లో పద్మభూషణ్ ఆయనకు లభించాయి.

అయితే ఆనాటి ఆపరేషనులో కటకాన్ని మొత్తంగా తీసివేసేవారు, దాని చోట ఏమీ పెట్టేవారు కారు. కటకం పని బయటినుండి అద్దాలు చేయాలి. అందుకే సోడాబుడ్డి అద్దాలు. వాటితో వస్తువులు ఉన్నదానికంటె పెద్దవిగా కనబడేవి, ప్రక్కచూపు సరిగా ఉండేది కాదు. ఒక కన్ను బాగుండి రెండవదానికి మాత్రమే ఆపరేషను అయితే, ఒక కంటికి మనిషి పెద్దగానూ మరొక కంటికి చిన్నగానూ కనబడి తల తిరిగేది. కనుక రెండు కండ్లూ బాగా చెడిపోయేదాకా ఆగమనేవారు. ఆ మాట ఆ కాలానికి తప్పు కాదు.

ఆ కాలం మారిపోయింది. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల అద్దపు కప్పులు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కండ్లలో గుచ్చుకొన్నాయి. ముక్కలు లోపలే ఉన్నా కన్ను వాటిని సహించడం హెరాల్డ్ రిడ్లీ అనే ఇంగ్లీషు డాక్టరు గమనించాడు. అయితే అటువంటి పదార్థంతోనే కటకం చేసి కంటిలో ఎందుకు పెట్టరాదు అని ఆలోచించాడు. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో మొదటిసారి ఆ పని మొదలుపెట్టాడు. తోటి డాక్టర్లు చాలామంది ఆక్షేపించారు. చివరకు లోకమంతా ఆయన దారికే వచ్చింది.

మొదట్లో ఈ కటకం ధర పేదవాడికి అందేది కాదు. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రిని ప్రారంభించారు. ఆ సంస్థవారే 1992లో కటకాలను మన దేశంలో చౌకగా తయారుచేయడానికి కర్మాగారం పెట్టారు. ఇప్పుడు పేదవాడికీ ధనవంతుడికీ కటకం కంటి లోపలనే పెడుతున్నారు. సోడాబుడ్డి అద్దాల కాలం గడిచిపోయింది. కాబట్టి శుక్లం ముదరవలసిన పనిలేదు. మీ పనికి మీ చూపు అడ్డం వస్తున్నదా? అదే ఆపరేషనుకు తగిన సమయం. ముదిరితే కటకం రాయిలా గట్టిపడి, తీయడం కష్టమవుతుంది. మరీ ముదిరితే ఉబ్బి, కంటిలోని నీరు పోయే దారిని మూసివేస్తుంది. అప్పుడు కంటిలో ఒత్తిడి పెరిగి నరము చస్తుంది. మన పెద్దాయనకు జరిగింది ఇదే.

"కన్ను పెరికి బయట పెట్టి, కడిగి మళ్ళా పెడతారట గదా?" అని కొందరు భయపడతారు. అది ఉత్తమాట. కన్ను తన చోటనే ఉంటుంది. మొద్దుబారే మందు ఇస్తారు. అంచున చిన్న గాటు పెట్టి, మసకబారిన భాగాన్ని తీసివేసి, దాని సంచిలోనే కొత్త కటకాన్ని ఉంచుతారు. చాలామందికి అరగంటలోపే పని ముగుస్తుంది. మనిషి మెలకువగానే ఉంటాడు. గాటు చిన్నది గనుక చాలాసార్లు కుట్లే అవసరముండదు. ముందుగా చక్కెర, రక్తపు పోటు పరీక్షిస్తారు. ఎక్కువగా ఉంటే అదుపులోకి తెచ్చిన తరువాతనే చేస్తారు. దానికి విసుగుపడవద్దు.

"చలికాలంలోనే చేయించుకోవాలా?" అని అడుగుతారు. అక్కరలేదు. ఏ కాలంలోనైనా చేయించుకోవచ్చు. కాని తరువాతి జాగ్రత్త మీది. మొదటి వారం ఆ కంట్లోకి చన్నీళ్ళు పోరాదు, తల మీదుగా స్నానం చేయరాదు, కన్ను నలపరాదు. డాక్టరు చెప్పిన చుక్కలు చెప్పినన్ని రోజులు, సాధారణంగా నెలకు పైగా, చేతులు కడుగుకొని వేసుకోవాలి. బరువులు ఎత్తడం, కల్లంలో తూర్పారబట్టడం, పసుపు మెరుగు పెట్టే డ్రమ్ము దగ్గర దుమ్ములో నిలబడటం, పశువుల కొట్టంలో పేడ ఎత్తడం, ఇవి డాక్టరు సరేననేదాకా మానాలి. కనుక తవ్వకానికీ కోతకూ నడుమ ఒక నెల తీరిక చూచుకొని తేదీ అడగండి. ఆ తీరిక కోసం ఏడాదికి ఏడాది దాటవేయవద్దు. ఆపరేషను తరువాత నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, వచ్చిన చూపు తగ్గినా, మరునాటికి ఆగక అదే రోజు ఆస్పత్రికి పోవాలి. అరుదుగానైనా లోపల చీము పట్టవచ్చు, అప్పుడు ప్రతి గంటా విలువైనదే.

కొందరికి కొన్ని నెలలకో ఏండ్లకో మళ్ళీ మసక వస్తుంది. శుక్లం తిరిగి పెరిగిందని దిగులుపడతారు. అది శుక్లం కాదు. కటకం వెనుకనున్న సంచిపొర మందగించింది. లేజరుతో కత్తి లేకుండా కొద్ది నిమిషాలలో దాన్ని సరిచేస్తారు. దూరపు చూపు బాగుపడినా, చదవడానికీ విత్తనాలు ఏరడానికీ దగ్గరచూపు అద్దాలు కావలసిరావచ్చు. అది ఆపరేషను చెడిపోయినట్టు కాదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మసకంతా శుక్లమే అనుకోవద్దు. నలభై దాటినవారికి వచ్చే చత్వారానికి అద్దాలు చాలు. నీటికాసులు అనే జబ్బు వేరే ఉన్నది. నొప్పి లేకుండా, తెలియకుండా, ప్రక్కచూపును కొద్దికొద్దిగా తినివేస్తుంది. శుక్లంతో పోయిన చూపు ఆపరేషనుతో వస్తుంది, నీటికాసులతో పోయిన చూపు ఎన్నటికీ రాదు. ఉన్నది కాపాడుకోవడమే. చక్కెర జబ్బు కంటి వెనుక తెరను పాడుచేస్తుంది. చక్కెర ఉన్నవారు బాగా కనబడుతున్నా సంవత్సరానికి ఒకమారు పాప పెద్దది చేసే మందు వేయించుకొని తెరను పరీక్ష చేయించుకోవాలి.

పొలంలో కంటికి తగిలే దెబ్బల సంగతి కూడా చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు. కోతల్లో వరి ఆకో, నూర్పిళ్ళలో ఊకో, చెరకు ఆకో కంటిని గీరుతుంది. చిన్నదేగదా అనుకొంటాము. ఆ గీరులో బూజు జాతి క్రిములు చేరి, నల్లగ్రుడ్డు మీద పుండు పడుతుంది. దక్షిణాది పల్లెల్లో ఇటువంటి పుండ్లు చాలా ఎక్కువ. తల్లిపాలు పిండటం, ఆముదం వేయడం, ఆకుపసరు పోయడం, నాలుకతో నలుసు తీయించడం వలన పుండు ముదురుతుంది. మందుల షాపులో ఏదో చుక్కలమందు కొని వేయడం అంతకన్న అపాయము. అందులో స్టిరాయిడు ఉంటే ఎరుపు తగ్గినట్టు కనబడుతుంది, లోపల పుండు గ్రుడ్డును తినివేస్తుంది. దెబ్బ తగిలిన కన్ను ఒక రోజులో తేరుకోకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. పురుగుమందో, సున్నమో కంట్లో పడితే, ముందు శుభ్రమైన నీళ్ళతో రెప్పలు విప్పి పట్టుకొని పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా కడగాలి. కడిగిన తరువాతనే ప్రయాణం. మందు చల్లేటప్పుడు, పసుపు మెరుగు పెట్టేటప్పుడు, వరి నూర్చేటప్పుడు చౌకరకం రక్షణ అద్దాలు పెట్టుకొంటే ఇవన్నీ తప్పిపోతాయి.

పిల్లల సంగతి. పసిబిడ్డ పాప తెల్లగా మెరిసినట్టు కనబడితే ఒక్క వారం కూడా ఆగవద్దు. పసివాళ్ళకూ పుట్టుశుక్లం ఉంటుంది, అంతకన్న ప్రమాదకరమైన జబ్బులూ ఉండవచ్చు. తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకాతోపాటు విటమిను ఎ ద్రావణం మొదలుపెట్టి, అయిదేండ్లు నిండేదాకా ఆరు నెలలకొకసారి త్రాగించాలి. రేచీకటిని అడ్డుకోవడానికి మన దేశంలో 1970లో మొదలైన ఏర్పాటు ఇది. ఇంటి ముందరి మునగాకు, బొప్పాయి, తోటకూర కూడా ఈ విటమినునే ఇస్తాయి.

ఇప్పుడు ఆడవారి మాట. పెద్దాయన చూపు తగ్గితే బండి కట్టడానికి ఇంటిల్లిపాదీ లేస్తారు. అవ్వకు చూపు తగ్గితే, "ఇంట్లోనే ఉంటుంది గదా, ఆమెకు చూపుతో పనేమి" అంటారు. పొయ్యి ముట్టించేది ఎవరు? మనవరాలిని ఆడించేది ఎవరు? రాత్రి పెరట్లోకి పోయి కాలు జారి తుంటి విరగ్గొట్టుకొనేది ఎవరు? అవ్వ తనంతట తాను అడగదు, ఖర్చని వెనుకాడుతుంది. అడగాల్సింది మీరు.

ఖర్చు మాటకు వస్తే, జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మన దేశంలో 1976లో మొదలైంది. ప్రభుత్వ ఆస్పత్రులలో శుక్లం ఆపరేషనూ, లోపల పెట్టే కటకమూ ఉచితం. మైదుకూరునుండి కడపకు గంటకు కాస్త అటూ ఇటూ ప్రయాణం, అక్కడ రిమ్స్ ఆస్పత్రి ఉన్నది. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉన్నది. తిరుపతిలో అరవింద్ వారి ఆస్పత్రి ఉన్నది. గ్రామంలో శిబిరం పెడితే అక్కడ పరీక్ష చేయించుకోండి, ఆపరేషను మాత్రం అన్ని సౌకర్యాలున్న ఆస్పత్రిలోనే చేయించుకోండి.

గ్రామసేవకులకు, విస్తరణ ఉద్యోగులకు, ఆశా కార్యకర్తలకు ఒక మనవి. 1996నుండి 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రివారు మన ఉమ్మడి రాష్ట్రంలో 10,293 మంది కండ్లు పరీక్షించారు. చూపు లేనివారిలో ప్రతి పదిమందికి ఆరుగురు శుక్లం వలనో, అద్దాలు లేకనో ఆ గతి పట్టినవారని తేలింది. అంటే ఒక ఆపరేషనో, ఒక జత అద్దాలో ఇస్తే చూపు వచ్చేవారే. 2015 నుండి 2019 వరకు దేశమంతటా జరిగిన సర్వేలో కూడా, యాభై దాటిన అంధులలో మూడింట రెండు వంతులమందికి శుక్లమే కారణమైంది. మీరు భూసార పరీక్షకో, విత్తనాల పంపిణీకో ఇంటికి పోయినప్పుడు, ముసలివారి ఎదుట మూడు మీటర్ల దూరంలో నిలబడి, ఒక్కొక్క కన్ను మూయించి, మీ చేతివేళ్ళు లెక్కపెట్టమనండి. లెక్క తప్పితే పేరు వ్రాసికొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. లెక్క సరిగా చెప్పినా, మసక అన్నవారిని పంపడం మానవద్దు. పంపి ఊరుకోక, పోయివచ్చారా అని మరుసటి నెల అడగండి. తోడు వచ్చేవారు లేక ఆగిపోయినవారే ఎక్కువగా ఉంటారు. తోడు కుదిర్చితే సగం పని అయినట్టే.

సోదరులారా, ఈ రాత్రి భోజనమైన తరువాత ఒక్క పని చేయండి. ఇంట్లో నాయనను, అవ్వను దీపం దగ్గర కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి రెండవ కంటితో గోడ మీది క్యాలెండరు చూడమనండి. ఆ తరువాత ఆ కన్ను మూసి మొదటిదానితో చూడమనండి. రెండూ సమానంగా కనబడకపోతే, పసుపు తవ్వకం కానీ అనవద్దు. పసుపు నెల రోజులు ఆలస్యమైతే భూమిలోనే ఉంటుంది. చూపు ఆగదు.